నారింజ కేకు, ఆకివీడు ఇసుక

తాడేపల్లిగూడెం

బావగారూ,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. ఫోనులో అయిపోయే సంగతే. కానీ ఫోనులో మీరు నన్ను మధ్యలోనే ఆపేస్తారు. జ్వరం తగ్గినా మీ చెల్లెలు రాజకుమారి అన్నం ముట్టడం లేదని, సోమవారం ఏలూరు ఆసుపత్రిలో చేర్పించడానికి కారు పంపుతానన్నారు కదా. కాస్త ఆగండి.

మా కోడలు శాలిని నిన్న నారింజ కేకు చేసింది. తొక్కను తెల్లది తగలకుండా పైపైన తురిమి, పంచదారలో వేసి వేళ్లతో నలుపుతుంటే వీధి గుమ్మం దాకా పరిమళం. మా ఇంట్లో ఓవెన్ లేదు. మా అమ్మ కూడా క్రిస్మస్ కేకులు ఇసుక మీదే కాల్చేది. ఆ కథ మీకు తెలుసు, అయినా మళ్లీ చెబుతాను, ఇప్పుడు కాదు. శాలిని పెద్ద గిన్నెలో ఇసుక పోసి, దాని మీద కేకు డబ్బా పెట్టి మూత వేసింది. ఆ ఇసుకను మా అబ్బాయి ఆనంద్ పాల్ ఆకివీడులో చేపల పెట్టెలు దించే షెడ్డు పక్కనుంచి తెచ్చాడు.

వేడెక్కేసరికి ఇల్లంతా చేపల వాసన. మీ చెల్లెలు మంచం మీంచి కేకేసింది.

"శాలినీ, ఏం పులుసమ్మా అది?"

"పులుసు కాదత్తయ్యా, కేకండి."

"కొరమేనుతోనా?" అంటూ నవ్వింది. ఆ నవ్వు విని నెలైంది.

మనమైతే డబ్బాతో సహా విసిరికొట్టేవాళ్లం. ఆ పిల్ల మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. ఇసుక పారబోసి, గిన్నె తోమి, ఈసారి రాళ్లుప్పు పరిచి, మళ్లీ నారింజ తురమడం దగ్గర్నుంచి మొదలుపెట్టింది. అంత ఓపిక నేను మా పాస్టరు గారిలో కూడా చూడలేదు.

రెండోది డబ్బా అంచు దాటి పొంగింది. శాలిని ఒక ముక్క కోసి మంచం దగ్గరకు పట్టుకెళ్లింది. మీ చెల్లెలు వాసన చూసి, తిని, ఇంకో ముక్క అడిగింది. తర్వాత తనే లేచి వెళ్లి చేతులు కడుక్కుంది.