ఏడ్చే పిల్ల చెవి ఎర్రగానే ఉంటుంది

ఉత్తర తీర ప్రాంత ఆరోగ్యాధికారి వారి సముఖమునకు, తాసిరాక్ గ్రామవాసి, వేటగాడు జోబీ తుకాలక్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పిల్లల నడిమి చెవి జబ్బును సరిగా గుర్తించు ఏర్పాటు గురించి.

1. నా కుమార్తె సియాసీ, నాలుగేళ్ళది, శీతాకాలమంతా జ్వరముతో చెవి పట్టుకొని ఏడ్చినది. తీసుకువెళ్ళినపుడల్లా మా ఆరోగ్య కేంద్రంలో దీపం పెట్టి చూసి, "ఎర్రగా ఉంది" అని యాంటీబయాటిక్ ఇచ్చినారు. "ఏడ్చే పిల్లకి ఎరుపు కాక ఇంకేముంటుంది?" అని మా అత్తగారు అడిగినారు. మరల అదే మందు ఇచ్చినారు. తరువాత పిల్ల ఏడుపు మానినది. ఎరుపు లేదు గనుక జబ్బు లేదనినారు.

2. ఏడుపుతోపాటు పిలిస్తే పలకడమూ మానినది. బడిలో మొండిదనినారు. ఏప్రిల్‌లో వెనుక నుంచి మంచుమీద నడిచే మోటారుబండి మోతతో దూసుకొచ్చుచుండగా దారి మధ్య కూర్చొని కుక్కపిల్లకు తాడు కట్టుచుండినది. మా అత్తగారు కోటు పట్టి లాగకపోయినచో ఈ అర్జీ వేరొక విషయమై ఉండెడిది.

3. తమ కార్యాలయమునకు మొరపెట్టుకొనగా వినికిడి పరీక్ష ఫోన్ ద్వారా ఏర్పాటు చేసినారు. "పాపకివ్వండి" అన్నారు, ఇచ్చితిని. పాప కాసేపు చెవి దగ్గర పెట్టుకొని నాకు తిరిగి ఇచ్చినది. "పాప సహకరించలేదు" అని నమోదైనది.

4. జూన్‌లో పొగమంచుకు విమానం ఎగరక, వేరే ఊరు పోవలసిన నర్సు ఒడెట్ గారు మా ఊళ్ళో చిక్కుకొనినారు. ఆమె ముందుగా సియాసీ చెవిలో గులిమి తీసినారు. అది అడ్డముండగా ఇంతకాలం ఎవరేమి చూసినారో తెలియదు. పిదప చిన్న రబ్బరు బుడ్డి నొక్కి లోనికి గాలి ఊదినారు.

"బాగున్న చెవిలో పొర గాలికి కదులుతుంది. ఇది కదలడం లేదు. వెనకాల జిగురు నిండిపోయింది."

"మరి ఎరుపు?" అన్నారు మా అత్తగారు.

"ఎరుపొక్కటే చూస్తే చాలదమ్మా. పొర ఉబ్బిందా, కదులుతోందా చూడాలి."

"ఆ ముక్కే నేనూ మొత్తుకున్నాను."

ఆమె చీటీతో విమానంలో తీసుకువెళ్ళగా, దక్షిణాన ఉన్న పట్నపు ఆసుపత్రిలో చెవిపొరకు సన్నని గొట్టాలు అమర్చినారు. తిరుగు విమానంలో సియాసీ చెవులు మూసుకొని, "నాన్నా, దీన్ని అరవొద్దని చెప్పు" అన్నది. నేను కిటికీవైపు తిరిగి కూర్చొంటిని.

కావున మా కేంద్రానికి అట్టి రబ్బరు బుడ్డిని, దానిని వాడుట నేర్పు మనిషిని, వినికిడి పరీక్షకు ఎదురుగా కూర్చొను మరొక మనిషిని పంపవలెను. పొగమంచు ప్రతి ఏడూ మాకు ఇంత అనుకూలించదని మనవి.

తమరు చిత్తగించవలెనని వేడుచు,
విధేయుడు,
జోబీ తుకాలక్

తా.క.: ఆ రోజే ఒడెట్ గారు నా చెవులలోనూ చూసినారు. చిన్ననాటి చీముకు కుడి పొర చిల్లు పడిందట, ఎడమది కదలదట. మా ఆవిడ చాలా మెల్లగా మాట్లాడే మనిషని పెళ్ళయిన నాటి నుంచి ఊరంతా చెప్పుకుంటున్నాను.