చెట్టుబంతి కొమ్మ

కార్తీకం, సోమవారం రాత్రి.

చెట్టుబంతి ఈ ఏడు విరగబూసింది. మా పెరటి కంచె అంతా అదే, పొడవునా పొద్దుతిరుగుడు పువ్వుల్లాంటి పసుపు. ఆకు చేదు కాబట్టి మేకలు కూడా ముట్టవు. అయినా వారం నుంచి పక్కింటి పైడమ్మ వైపు కొమ్మలు ఎవరో విరుస్తున్నారు. కంచె తన పెరట్లోకి ఒరిగిందని ఆమెకే కోపం వచ్చిందనుకున్నాను. ఈ మధ్య నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటోంది కూడా. నాకు జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చే మనిషి ఆమె ఒక్కతే. ఆమెతో తగవెందుకని వెళ్లి అడగలేదు.

ఈ ఉదయం పళ్లు తోముకోవడానికి పెరట్లోకి వెళ్తే, కొమ్మ విరుస్తూ నా కంటపడింది. సిగ్గు నాకే వేసింది.

"కంచె అడ్డమైతే కొట్టేస్తాను పైడమ్మా," అన్నాను.

"అడ్డమేటి మావా! నా వంగమొక్కల్ని మేకలు మేసేస్తన్నాయి. సుట్టూరా ఇదే పాతుతన్నాను."

"అడిగితే నేనే కోసి ఇద్దును కదా."

"అడిగి తెచ్చిన కొమ్మ బతుకుతాదేటి? దొంగతనంగా తెస్తేనే నాటుకుంటాది. అందుకే నీకు మొకం సూపించనేదు. ఇప్పుడు సూసేసినావు, ఇది సచ్చినట్టే!" అంటూ కొమ్మను నా మీదకే విసిరి నవ్వింది.

మనసు తేలికపడింది. కానీ ఆమె తోటకి తూర్పు వైపు ఇంకా ఖాళీగానే ఉంది. మేకలు అటునుంచే వస్తాయి.

రేపు పళ్లు తోముకోవడానికి పెరట్లోకి వెళ్లను. వీధి వైపు కూర్చుంటాను. కాస్త ఎక్కువసేపే.