బెత్తెడు మడత

శ్రీవారికి,

ప్రభువు పేరిట మీ భార్య వందనాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఈ మాట అలవాటుకొద్దీ రాయడం లేదు, ఇందాకే కాళ్ళూ చేతులూ చూసుకుని మరీ రాస్తున్నాను. మీరక్కడ వేళకు తింటున్నారని, మా గురించి ఆలోచిస్తూ నిద్ర పాడుచేసుకోవడం లేదని నమ్ముతాను.

ముందు మీరడిగినవాటికి జవాబులు. అత్తయ్య బీపీ మాత్రలు వేసుకుంటున్నారు, అదీ నేను ఎదురుగా నిలబడితేనే. బాంబులు ఈ మధ్య నది అవతలే పడుతున్నాయి. మన కిటికీ అద్దాలు మాత్రం పోయాయి, అట్టముక్కలు అంటించాం. చర్చి పైకప్పు కూలాక ఆరాధన మన కుట్టుగదిలోనే జరుగుతోంది. పాస్టరుగారు ఇస్త్రీబల్ల దగ్గర నిలబడి ప్రసంగిస్తారు. ప్రసంగంలో కునికే అలవాటున్న నాకు ఆ ఇరుకులో ఆనుకోవడానికి గోడ కూడా దొరకడం లేదు.

మీ అమ్మగారి సంగతి చెప్పాలి. గొడవలు మొదలవకముందు బడివాళ్ళు యూనిఫాంల కోసం ఇచ్చిన గుడ్డ ఉంది కదా. ఇప్పుడు బడి మూసేశారు, దానికి సగం గోడ కూడా లేదు. ఈవిడ మాత్రం రోజూ మిషను ముందు కూర్చుని గౌన్లు, నిక్కర్లు కుడుతూనే ఉన్నారు. పైగా అంచు దగ్గర ఎప్పుడూ రెండు వేళ్ళ మడత వదిలే మనిషి ఇప్పుడు బెత్తెడు వదులుతున్నారు. కింది వాటా ఎలక్ట్రీషియన్ చూసి, "ఏంటి పెద్దమ్మా, గుడ్డ ఎక్కువైందా?" అని నవ్వాడు.

"బడి తెరిచేసరికి పిల్లలు పెరిగిపోతారు కదయ్యా. అప్పుడు మడత విప్పుకుంటే సరిపోతుంది," అన్నారు.

తెరిస్తే కదా అనుకున్నాను మనసులో. ఆవిణ్ణి చూస్తుంటే నాకెంత ముచ్చటేసిందో చెప్పలేను. పేలుడు వినబడితే మిషను ఆపుతారు, "ఎవరి ఇల్లో ప్రభువా" అంటారు, మళ్ళీ తొక్కుతారు. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "దేవుని రాజ్యం, దేవుని రాజ్యం అంటారు. ఎక్కడుందత్తయ్యా? నాకైతే ఈ పొగే కనబడుతోంది."

"కనబడితే ఇక నమ్మేదేముందే పిచ్చిదానా? ఆ దారం రీలు ఇటివ్వు," అన్నారు.

ఇక అసలు విషయం. ఇంతసేపూ దాటవేస్తూ వచ్చాను. ఎంతమందినో బతిమాలి మీ కంపెనీ బస్సులో మీరు ఇప్పించిన ఆ రెండు సీట్లలో మేం రావడం లేదు.

అత్తయ్య తన సీటు ఎలక్ట్రీషియన్ భార్యకిచ్చేశారు. ఆమెకు నెలలు నిండాయి, ఇక్కడి ఆసుపత్రిలో కరెంటు లేదు. "నువ్వు మాత్రం పోవాల్సిందే," అని నన్ను సంచితో సహా బయటికి నెట్టారు. వెళ్ళాను, ఎక్కి కూర్చున్నాను కూడా. అబద్ధమెందుకు, ప్రాణం లేచొచ్చినట్టయింది. అప్పుడు కిటికీలోంచి ఎలక్ట్రీషియన్ కూతురు కనబడింది, తండ్రి చంకలో ఉంది. కరెంటు తీగలు బాగుచేసేవాళ్ళను ఊరు దాటనివ్వడం లేదు, సీటు లేకపోతే చంటిపిల్లనైనా బస్సెక్కనివ్వడం లేదు. ఆ పిల్ల తల్లి వైపు చేతులు చాపి గుక్కపట్టి ఏడుస్తోంది. నాకు ఏ బైబిలు వాక్యమూ గుర్తురాలేదండీ. లేచి, పిల్లను నా సీట్లో కూర్చోబెట్టి దిగిపోయాను. బస్సు కదిలాక మాత్రం, ఎంత పని చేశాను దేవుడా అని దాని వెనక నాలుగడుగులు పరిగెత్తాను.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నారు. తిట్లు తప్పవనుకున్నాను. లేచి నన్ను గట్టిగా పట్టుకుని భోరున ఏడ్చారు. మామయ్య పోయినప్పుడు కూడా ఆవిణ్ణి అలా చూడలేదు.

"నువ్వు క్షేమంగా వెళ్ళిపోవాలనే పొద్దుట్నుంచీ ప్రార్థన చేశానే. పైకి అదే అన్నాను. లోపల మాత్రం, ఒక్కదాన్ని ఉండలేను ప్రభువా, అది వెనక్కొస్తే బాగుండు అనుకుంటూనే ఉన్నాను," అన్నారు.

మీకు కోపం వస్తుంది, రావాలి కూడా. ఇంకో బస్సు దొరుకుతుందేమో చూడండి, ఈసారి ఆవిడ చెయ్యి పట్టుకునే ఎక్కుతాను. కానీ ఏమండీ, నేను చూసినవాళ్ళలో అందరికంటే గట్టి నమ్మకమున్న మనిషి, ఆ రోజు దేవుణ్ణి దొంగచాటుగా అడిగింది నన్నే.

ఇట్లు,
మీ మాట దాటిన మీ ఇల్లాలు