పంటి సందున పీచు

నూజివీడు,
మే, 1968

ఏవండీ,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామని కూర్చున్నాను గానీ, అబద్ధం రాయడానికి చెయ్యి రావడం లేదు. మామయ్యగారి చిగుళ్ళు మళ్ళీ వాచాయి. ఈసారి చీము కూడా. బెజవాడ పళ్ళ డాక్టరుగారు మొహమాటం లేకుండా చెప్పేశారు. "షుగరున్న మనిషి. పళ్ళ సందుల్లో మామిడి పీచు ఒక్క పూట కూడా ఉండకూడదు. చీము నెత్తుట్లోకి పోయిందంటే నా చేతిలో ఏమీ ఉండదు. అన్నీ పీకించేసుకోవడం మేలు" అన్నారు. మామయ్యగారు వింటే గదా! "రసం పండు కొరికి రుచి చెప్పలేనివాడికి తోటెందుకు?" అని కుర్చీలోంచి లేచి వచ్చేశారు.

పోనీ తిన్నాక సందుల్లో దారం పెట్టి లాగమన్నారు. నేను పట్టుదారానికి మైనం రాసి ఇస్తున్నాను. ఆయన చేతులు వణుకుతాయి, దారం చిగుళ్ళను కోస్తుంది, విసిరికొడతారు. నన్ను పెట్టనివ్వరు. పండు మానండి అంటే నా వంక అదోలా చూస్తారు. పెద్ద రసాలు ఇంకా చెట్లనిండా ఉన్నాయి. నాకు భయంగా ఉందండీ.

మీ
అన్నపూర్ణ

---

విశాఖపట్నం

ప్రియమైన అన్నపూర్ణా,

నీ ఉత్తరం చదివితే నాన్నగారి మీద కోపమూ వచ్చింది, గుండెల్లో గుబులూ పట్టుకుంది. దారం సంగతి ఇక మరిచిపో. హార్బరులో ఒక అమెరికా ఓడ ఆగింది. దాని కాగితాలు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఓ ఆఫీసరు దగ్గర వింత మిషను చూశాను. బుల్లి తొట్టిలో నీళ్ళు పోసి మీట నొక్కితే, సన్నటి గొట్టంలోంచి నీళ్ళు చిమ్ముతాయి. పంటి సందులో ఏమున్నా కొట్టుకుపోవలసిందే. కరెంటు మీద నడుస్తుంది. ఓడలోనే నాకు పెట్టి చూపించాడు. చక్కిలిగింతలు పెట్టినట్టుందనుకో!

నా చేతి గడియారం ఇచ్చి తీసుకున్నాను, తిట్టకు. లారీ అప్పారావు దాన్ని హనుమాన్ జంక్షన్లో దించుతాడు. ఎవరినైనా పంపి తెప్పించుకో. నాన్నగారిని ఎలాగైనా ఒప్పించు. ఈ ఇంట్లో ఆయన్ని ఒప్పించగలిగేది నువ్వొక్కదానివే.

నీ
శేషగిరి

---

నూజివీడు

ఏవండీ,

మిషను చేరింది. మామయ్యగారు దాన్ని చూసి గుమ్మం దాటి లోపలికి రాలేదు. "రాయప్పని మింగింది చాలదా? ఇప్పుడు నా నోట్లో పెడతావా కరెంటు?" అన్నారు. పోయిన వేసవిలో మన పాలేరు రాయప్ప తోటలో తడిచేత్తో మోటారు స్టార్టరు ముట్టుకుని ఆయన కళ్ళెదుటే పోయాడు గదా. అప్పట్నుంచి ఈయన ఇంట్లో దీపం స్విచ్చు కూడా ముట్టరు. లైటు వెయ్యాలన్నా నన్నే కేకేస్తారు.

ఇవాళ చెంప పొంగి కన్ను సగం మూసుకుపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. ఇక ఊరుకోను. రేపు పొద్దున ఆయన ఎదుటే ఒక రసం తిని, ఆ మిషను ముందు నా నోట్లో పెట్టుకుంటాను. నాకేమీ కాలేదని చూస్తే ఒప్పుకుంటారు.

మీ
అన్నపూర్ణ

---

విశాఖపట్నం

అన్నపూర్ణా,

ఆ మిషను ముట్టుకోకు! ఓడలో కరెంటు మన ఇళ్ళలోదానికి సగమేనట. మన ప్లగ్గులో పెడితే కాలిపోతుందని మా ఎలక్ట్రీషియను ఇవాళే చెప్పాడు. చెప్పేటప్పుడే నా చేతిలో నీ ఉత్తరం ఉంది. నువ్వు రాసిన "రేపు" ఎప్పుడో అయిపోయింది.

టెలిగ్రాం ఇచ్చాను, జవాబు లేదు. నోట్లో నీళ్ళు, చేతిలో తీగ. నేనే పంపాను, నేనే ఒప్పించమన్నాను. సెలవు ఇవ్వకపోతే ఉద్యోగం మానేసైనా బయల్దేరతాను. బతికున్నానని ఒక్క ముక్క రాయి.

శేషగిరి

---

నూజివీడు

ఏవండీ,

ముందు మీరు కుదుటపడండి. నేను బాగున్నాను. మేమిద్దరం బెజవాడ ఆసుపత్రిలో ఉండగా మీ టెలిగ్రాం పక్కింట్లో పడి ఉంది. ఇవాళే చూశాను.

ఆ పొద్దున మీట నొక్కగానే అది పంపుసెట్టులా గోలపెట్టింది. నీళ్ళు ఎంత జోరుగా కొట్టాయంటే, ఎన్నాళ్ళనుంచో ఇరుక్కున్న పీచు ఒక్కసారిగా ఊడివచ్చింది. అబ్బ, ఎంత హాయి అనుకునేలోగా చిగుళ్ళు చీరుకుపోయి నోరంతా రక్తం. కాలిన వాసన, పొగ. వదిలెయ్యాలని కూడా తోచక అలాగే నిలబడిపోయాను. "అమ్మాయ్!" అని ఒక్క అరుపు వినబడింది. స్విచ్చు ముట్టని మనిషి పరిగెత్తుకొచ్చి, గోడలోంచి తీగ పట్టుకుని పీకేశారు!

నాకు షాకు కొట్టలేదు మామయ్యగారూ అంటే వినరే. నా రెండు చేతులూ తిప్పి తిప్పి చూశారు. "నా పళ్ళకోసం నువ్వు చస్తావా? పద, బస్సెక్కుదాం" అన్నారు. అంతే. ఉన్న పళ్ళన్నీ తీయించేసుకున్నారు. చీము ఆగింది, జ్వరం తగ్గింది. గాయం మానుతోందని డాక్టరుగారే ఆశ్చర్యపోయారు.

నిన్న తోటలో కోత. అలవాటుకొద్దీ ఒక రసం తీసుకుని మెత్తగా పిసికారు. తొడిమ దగ్గరి ముచ్చిక కొరకబోయి ఆగిపోయారు. చాకు తెస్తానన్నాను. "ఇనుము తగిలితే రుచి తెలీదమ్మాయ్" అన్నారు. పండుని నా చేతిలో పెట్టారు.

"నువ్వు కొరికియ్యి."

కోతవాళ్ళంతా చూస్తున్నారు. నేను తాగిన గ్లాసు ఎన్నడూ ముట్టని మనిషండీ ఆయన. ముచ్చిక కొరికి, సొన ఉమ్మేసి ఇచ్చాను. కళ్ళు మూసుకుని చీకారు. "ఈ చెట్టుకి ఈ ఏడు పులుపు తగ్గింది, రాసుకోండి" అని అందరికీ వినబడేలా చెప్పి, రెండో పండు కూడా నాకే ఇచ్చారు. నాకు ఏడుపొచ్చేసింది.

మీరు వచ్చేసరికి రసాలు అయిపోతాయేమో, త్వరగా రండి.

మీ
అన్నపూర్ణ