పసుపు పూసిన వేపచెట్టు

ఆళ్లగడ్డ

ఖాదర్ బాషాకు,

నంద్యాల ఆసుపత్రిలో నీ కాలు తీసేసినారని మీ కొడుకు అన్సార్ చెప్పినాడు. ఆ ఎండుకొమ్మను ముందే ఎందుకు కొట్టలేదని అడగమన్నావంట. చెప్తాను.

నీ పంక్చర్ అంగడి మీదికి వంగిన ఆ వేపకొమ్మను కొట్టించమని మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగింది నేనే. రోడ్డు పక్క చెట్టును సొంతంగా ముట్టుకుంటే జుల్మానా వేస్తామన్నారు. అందుకే నా గొడ్డలి ఇంట్లోనే ఉండిపోయింది. ఆ శుక్రవారం నువ్వు నమాజుకు పోయినప్పుడు రంపాలతో వాళ్ల మనుషులు వచ్చినారు. చెట్టు మొదలుకు మా ఇంటిది పూసిన పసుపు, పెట్టిన బొట్లు చూసి మేస్త్రీ చెప్పులు విడిచినాడు.

"ఈడ అమ్మవారుండాది పెద్దాయనా. మేము చెయ్యి పెట్టం."

"అమ్మ మొదల్లో ఉంటే కొమ్మకేమొచ్చెరా? కొట్టు!" అన్నాను.

దండం పెట్టి పోయినాడు. మరుసటి రోజే గాలికి అది విరిగి నీ మీద పడింది.

ఇప్పుడు వీధంతా ఆ చెట్టుకు టెంకాయలు కొడుతోంది. నీ ప్రాణం కాపాడింది అమ్మవారేనంట. మరి కాలు ఎవరు తీసుకున్నారని అడిగితే ఇంకో టెంకాయ కొడతారు.

ఇంకో కొమ్మ ఎండుతోంది. అందుకే నిన్న నేనే ఆ పసుపంతా కడిగేసినాను. మా ఇంటిది నాతో మాట్లాడడం లేదు. మాట్లాడకపోతే పోనీ.

ఇట్లు,
నీ అంగడి ఎదురింటివాడు