దుర్గక్క ముక్కుకి తెలిసింది

ఆగస్టు 4
వైన్ రుచి చూడ్డం నేర్పే సారు హైదరాబాద్ నుంచి మా రిసార్టుకి దిగాడు. ఆదివారం పరీక్ష. నెగ్గిన ఒక్కరికే డైనింగ్ హాల్లో పర్మనెంట్ ఉద్యోగం. ఓడినవాళ్లు మళ్లీ గదుల్లో దుప్పట్లు మార్చుకోవాలి. ఉన్నది ఇద్దరం — నేనూ, దుర్గక్కా.

షార్డొనే అని తెల్ల ద్రాక్ష వైన్. గ్లాసు ఇద్దరికీ ఒకటే. ఆవిడ తాగాక నా చేతికొచ్చింది. అలవాటు... పెదవి తగలకుండా ఎత్తి గొంతులో పోసేసుకున్నాను. "ముక్కు గ్లాసులో పెట్టాలయ్యా! మంచినీళ్ల చెంబనుకున్నావా?" అని సారు కసిరాడు.

దుర్గక్క ఊరుకుంటుందా? "ఇంకా నయం, పుక్కిలించి ఉమ్మేడు కాదండీ!"

"అదీ చెయ్యాలమ్మా," అన్నాడు సారు.

ఆగస్టు 5
ఫోన్లో చదివాను. ఈ షార్డొనే ద్రాక్షకి సొంత రుచి తక్కువట. నేల ఏదిస్తే అది, పెంచినవాడు ఏదిస్తే అది.

ఆగస్టు 6
అదే ద్రాక్ష, ఊరిని బట్టి రుచి. చాబ్లీ — ఫ్రాన్సులో చలి ఊరు, సున్నపురాయి నేల. పులుపు, నిమ్మ, పచ్చ ఆపిల్. కాలిఫోర్నియా — ఎండ. అనాస. ఓక్ అనే కర్రతో చేసిన పీపాలో ఉంచితే వెనిలా, వెన్న.
పియర్ పండు రుచి కూడానట! ఎవడు తిన్నాడు? అమలాపురంలో వెతికి కొన్నాను. చప్పగా ఏడిచింది.

ఆగస్టు 8
పీపాలో పెట్టిన రకం ఇచ్చాడు. దుర్గక్క చాలాసేపు వాసన చూసింది. "కొత్త కుండలో నీళ్లకి కుండ వాసనెక్కుద్ది కదండీ... అలాగ. దీనికి కర్ర వాసనెక్కింది."

సారు పగలబడి నవ్వాడు. "కుండ అంటే గెస్టు పారిపోతాడు. ఓక్ అనమ్మా."

తల దించుకుంది. నాకు ఒళ్లు మండింది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం — కొత్త పీపాకే వాసన ఎక్కువ, పాతబడితే తగ్గుతుంది. చదివాను కూడా. అయినా నోరు మెదపలేదు.
ఆవిడ ఓడితే ఉద్యోగం నాదనా? ఛీ.

ఆగస్టు 9
"నాకు రాదులే తమ్ముడూ. ఆ మాటలకి నోరు తిరగదు," అంది దుర్గక్క. భోజనాల వేళ కూర్చోబెట్టి వల్లె వేయించాను. ఓక్, వెనిలా, బటర్. ఓక్, వెనిలా, బటర్.

ఆగస్టు 10
పరీక్ష. రెండు గ్లాసుల్లో ఏది ఏ రకమో నేను సరిగ్గా చెప్పాను. దుర్గక్క మొదటిది వాసన చూసి, ఆగి, నా వైపు చూసి — "ఓక్, వెనిలా, బటరండీ."
అది చాబ్లీ. పీపా ముఖం చూడనిది.

బయటికొచ్చాక అంది: "పుల్లమామిడి కోసినట్టే వాసనొచ్చింది తమ్ముడూ. నువ్వు అలా చెప్పమన్నావు కదా అని చెప్పేను."

తిరిగి లోపలికి వెళ్లాను. ఆవిణ్ణి ఇంకొక్కసారి అడగండి సార్, తెలుగులో అడగండి, అన్నాను.

"నెగ్గింది నువ్వయ్యా. నీకేం నొప్పి?"

ఉద్యోగం కాగితం చేతిలో పెట్టాడు. రేపు పొద్దున్న పదికల్లా సంతకం పెట్టివ్వాలట.

పెట్టలేదు. చింపనూ లేదు.