నలభైసార్లు లేపిన గ్లాసు

వరంగల్ హాస్టల్,
3 నవంబర్ 2003

దబీర్‌పురా మామకు యశోద దండాలు.

ఇంజనీరింగ్ కాలేజీ పోటీకి మేం చేసిన రోబో మొదటి రౌండులోనే పరువు తీసింది. ప్లాస్టిక్ గ్లాసులో నిండా నీళ్లు పోసి పెడితే, ఎత్తి పక్క బల్ల మీద పెట్టాలి. దానికి రెండే వేళ్లు. మెల్లగా పడితే జారుతుంది, గట్టిగా పడితే గ్లాసు నలుగుతుంది. ఇరవయ్యో తేదీన రెండో రౌండులో కూడా పడేస్తే మమ్మల్ని పోటీ నుంచి తీసేస్తారు. అఫ్జల్‌గంజ్ గడియారాల దుకాణంలో ఆవగింజంత మరను చిమటాతో పట్టే మనిషివి. చేతికి బలం ఎట్లా పెంచాలో బొమ్మ గీసి పంపు.

నీ మేనకోడలు,
యశోద

తా.క. నీళ్లు పడింది లెక్కల సారు ప్యాంటు మీద. మార్కులు వేసేది ఆయనే.

దబీర్‌పురా,
7 నవంబర్

చిరంజీవి యశోదకు మామ భిక్షపతి ఆశీస్సులు.

బలం పెంచాలని చూడకు. లేని బలం ఎక్కడి నుంచి తెస్తావు? గ్లాసును కాస్త వంచి, కింద ఒక రేకు దూర్చు. బరువు రేకు మీద కూర్చుంటుంది, వేళ్లు ఒరగకుండా ఆపితే చాలు. పొద్దున పూట చెయ్యి మాట వినదు, మధ్యాహ్నం చేయించు. పడేసినప్పుడు ఎవరూ నవ్వకుండా చూడు.

మామ

తా.క. అక్షరాలు వంకరగా ఉంటే తప్పు కొత్త పెన్నుది. మీ అత్త గాజు గ్లాసులన్నీ దాచేసింది.

వరంగల్,
11 నవంబర్

మామకు దండాలు.

నీ ఉత్తరం హాస్టల్‌లో చదివి వినిపిస్తే అందరూ పడీపడీ నవ్వారు. రోబోకు పొద్దు లేదు, సిగ్గు లేదు మామా, బ్యాటరీ ఉంటే చాలు. ‘అన్నం తిన్నదా అని అడగలేదా మీ మామ?’ అంటోంది మా జట్టులోని సాయిప్రియ. రేకు మాత్రం బాగా పనిచేసింది. కానీ మోసుకెళ్లేటప్పుడు వణికి నీళ్లు ఒలుకుతున్నాయి.

యశోద

తా.క. ముగ్గురం కూర్చుంటే గాని నీ రాత అర్థం కాలేదు. ఆ పెన్ను అమ్మినవాడికే ఇచ్చెయ్.

దబీర్‌పురా,
15 నవంబర్

యశోదకు ఆశీస్సులు.

వణుకును ఆపలేవు. మోచేతిని దేనికైనా ఆనించు. మోచెయ్యి లేకపోతే పెట్టు. గ్లాసును ముందు ఒంటికి దగ్గరగా తెచ్చుకొని, అప్పుడు కదలాలి. నేను నలభైసార్లు లేపి చూశాను, ముప్పై ఒక్కసారి నిలిచింది.

మామ

తా.క. నవ్విన పిల్లలకు కూడా ఆశీస్సులు.

వరంగల్,
21 నవంబర్

మామకు వెయ్యి దండాలు.

గ్లాసు పడలేదు. చుక్క ఒలకలేదు. ఫైనల్‌కు వెళ్తున్నాం. నువ్వు ఇంట్లో ఇలాంటి చెయ్యే తయారు చేశావని సారుకు చెప్పాను. లేకపోతే నలభైసార్లు దేంతో లేపి చూస్తావు? దాన్ని చూడాలని ఆయన ఒకటే పట్టు. అట్టపెట్టెలో పెట్టి బస్సులో పార్సిల్ వెయ్యి.

యశోద

తా.క. మోచెయ్యి జాగ్రత్తగా కట్టు, విరిగేను.

దబీర్‌పురా,
25 నవంబర్

బిడ్డ యశోదకు అత్త రాజమణి దీవెనలు.

ఆ చేతిని పార్సిల్ వేయలేము బిడ్డా. అది మీ మామదే. దసరా మరునాడు చాయ్ గ్లాసు జారిపోయింది. పక్షవాతం అన్నారు. ఇక చిమటా పట్టలేడని తేలింది, దుకాణం మూసేశాం. నీ మొదటి ఉత్తరం వచ్చేదాకా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అది చదివి లేచి నీళ్ల గ్లాసు తెమ్మన్నాడు. ‘పిల్లకు చెప్పకు, పోటీల ఉన్నది, ఫికర్ పెట్టుకుంటది. ఎట్ల లేపాల్నో నేర్సుకొని రాస్త’ అన్నాడు. మీరంతా నవ్వారని రాసినచోట నాకు ఏడుపొచ్చింది. ఆయన మళ్లీ గ్లాసు తెమ్మన్నాడు.

నీ అత్త,
రాజమణి

తా.క. కింది రెండు ముక్కలు ఆయనవే, పెన్నును తిట్టకు.

సారును తోలుకొనిరా. పొద్దుగాల వద్దు.